ఐదో నంబరు చెక్క

మార్చి 2, శుక్రవారం. దీపాల పండుగ.

క్యాలెండర్ కాగితంలో ఇలా ఉంది. ఈ రోజు చేయదగినవి: పెళ్లి, ప్రయాణం, దుకాణం తెరవడం. చేయకూడనివి: బావి తవ్వడం. మా పాత వీధిని ఇవాళే తెరిచారంటే ముహూర్తం చూసే పెట్టారన్నమాట. బావి తవ్వే పని నాకెలాగూ లేదు.

నేను వెళ్లలేదు. హుయ్‌లిన్ ఫోన్ చేసి, "రెండేళ్లు కష్టపడి బాగుచేశారట నాన్నా, మన కొట్టు ఎలా ఉందో ఒక్కసారి చూసిరా" అంది. అరవై తొమ్మిదేళ్ల జీవితంలో అరవై ఆరేళ్లు ఆ వీధిలోనే గడిపాను. కొత్తగా చూడడానికేముంది అన్నాను.

పండుగ ఉండలు ఆరు ఉడకబెట్టాను, నువ్వుల పూర్ణంవి. నాలుగు తిన్నాను. రెండు నా భార్య యున్‌జూ ఫొటో ముందు పెట్టాను. చల్లారాక అవీ నేనే తిన్నాను.

మార్చి 3, శనివారం.

చేపలు కొందామని బయల్దేరి పద్నాలుగో నంబరు బస్సెక్కాను. చేపల బజారు ఆ దారిలో లేదు. ఎక్కినవాణ్ని ఎలాగూ ఎక్కానని చివరిదాకా వెళ్లాను.

ఉప్పురేవు వీధి మొదట్లో పెద్ద రాతి ద్వారం కట్టారు. ఇదివరకు అక్కడ ద్వారమేమీ లేదు, చెప్పులు కుట్టే ముసలాయన గొడుగు ఉండేది. కింద పరిచిన బండలు పాతవే, ఒళ్లు రుద్ది స్నానం చేయించినట్టున్నాయి. మేడ కిటికీలన్నిటికీ ఎర్ర లాంతర్లు కట్టారు. బట్టలారేసిన కిటికీ ఒక్కటీ కనబడలేదు. జనం మాత్రం ఇసుక వేస్తే రాలనంత మంది. అందరూ ఫోన్లు పైకెత్తి నడుస్తున్నారు, ముందువాడి వీపు తగిలితే ఆగుతున్నారు.

మా కొట్టు మీద 'షెన్ వారి సూదుల కొట్టు' అని బంగారు అక్షరాల బోర్డు పెట్టారు. మా నాన్న రోజుల్లో కూడా మాకంత బోర్డు లేదు. లోపల సూది లేదు, దారం లేదు. బంగాళాదుంపని చుట్లు చుట్లుగా కోసి, పుల్లకి గుచ్చి, నూనెలో వేయించి అమ్ముతున్నారు. ముందు వైపు తొమ్మిది తలుపు చెక్కలున్నాయి. కొత్తవి, వేరుశనగ పొట్టు రంగువి. నాలుగిటు, అయిదటు గోడకి మేకులు కొట్టి బిగించేశారు. తీయడానికీ పెట్టడానికీ కావవి, చూడడానికి. నంబర్లు ఎడమ నుంచి వేశారు. మా వీధిలో ఏ కొట్టుకైనా ఒకటో నంబరు చెక్క కుడి చివరన ఉండేది. పొద్దున తీసేటప్పుడు ఒకటి నుంచి, సాయంత్రం పెట్టేటప్పుడు తొమ్మిది నుంచి. యాభై ఏళ్లు రోజూ రెండుసార్లు ఆ తొమ్మిదింటినీ ఎత్తాను. నా కుడిభుజం ఎడమదానికంటే కిందికి వాలి ఉంటుంది అందుకే.

"ఇక్కడి పాత చెక్కలు ఏమయ్యాయమ్మా?" అని దుంపలు వేయిస్తున్న ఆవిణ్ని అడిగాను.

"ఏం చెక్కలు బాబాయ్? కారం ఎక్కువెయ్యాలా తక్కువెయ్యాలా అది చెప్పు, వెనకాల లైనుంది" అంది.

మూడిళ్ల అవతల పేంగ్ కూర్చున్నాడు. అతనికి అక్కడ పచ్చళ్ల కొట్టుండేది. ఇప్పుడా కొట్టు కంపెనీది, పేంగ్ అందులో జీతగాడు. నేల జీరాడే అంగీ తొడిగి, నెత్తిన గుండ్రటి టోపీ పెట్టి, పాతకాలపు వ్యాపారిలా ఒక పెద్ద జాడీ పక్కన కూర్చోబెట్టారు.

"ఏరా సూదులోడా, చచ్చావనుకున్నా."

"నువ్వు చస్తే కబురెవరు చెప్తారా అని చూసిపోదామని వచ్చా."

"కూర్చో కూర్చో. ఇద్దరు ముసలాళ్లుంటే ఫొటోలు ఎక్కువ దిగుతారు."

జాడీ మూత తీయబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. "ఖాళీరా. అది తెరిస్తే నా ఉద్యోగం ఊడుద్ది."

నవ్వాను. నవ్వి చాలా రోజులైంది. తిరిగొచ్చేటప్పుడు చేపలు కొనలేదు.

మార్చి 4, ఆదివారం.

హుయ్‌లిన్ గుడ్లు తెచ్చింది. "వీధి చూశావా?" అంది. లేదన్నాను. ఎందుకు అబద్ధమాడానో తెలియదు.

మార్చి 6, మంగళవారం.

ఇవాళ్టి కాగితంలో 'ఏ పనికీ మంచిరోజు కాదు' అని ఒక్కటే ముక్క ఉంది. అది చదివి కూడా వెళ్లాను.

వీధి చివర, ఇదివరకు దర్జీ ఉండే మూలన, టీ కొట్టు పెట్టారు. కాళ్లు నొప్పెట్టి బయటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఇనప గొట్టాల కాళ్ల మీద పాత చెక్కొకటి బిగించి దాన్ని టీబల్ల చేశారు. చెక్క మీద చెయ్యి ఆనించాను. వేళ్లకి ఏదో గరుకుగా తగిలింది. చూస్తే నల్లటి మూడు కోణాల మచ్చ.

యున్‌జూ పెట్టిన మచ్చ అది. 1984 ఎండాకాలంలో, పగటిపూట తీసిన చెక్కని రెండు స్టూళ్ల మీద వేసుకుని ఇస్త్రీ చేస్తూ, గుండీలు కొనడానికి వచ్చినావిడతో మాటల్లో పడి బొగ్గుల పెట్టె అలాగే వదిలేసింది. మా అమ్మ తిడుతుందని నెల్లాళ్లు ఉప్పు పెట్టి రుద్దింది. మచ్చ పోలేదు, అమ్మకి కనబడకుండానూ పోలేదు.

నంబరు చెక్క అడుగున ఉంటుంది. చూడాలంటే కిందికి దూరాలి. దూరాను. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆడపిల్లలు కాళ్లు పైకి లాక్కున్నారు.

కొట్టు నడిపే పిల్ల పరుగున వచ్చింది. "తాతా, ఏం చేస్తున్నారక్కడ?"

"గుండీ పడిపోయిందమ్మా."

"మీ చొక్కాకి అన్నీ ఉన్నాయిగా."

"ఇది పాతది" అన్నాను.

అడుగున ఎర్రగా ఐదు అని ఉంది. గోళ్లరంగు. మా నాన్న సిరాతో వేసిన నంబర్లు హుయ్‌లిన్ పుట్టిన ఏడాది చెరిగిపోతే, ఒక్క బుడ్డీ గోళ్లరంగుతో తొమ్మిదింటికీ యున్‌జూయే మళ్లీ వేసింది. తన గోళ్లకి మాత్రం ఎన్నడూ వేసుకోలేదు.

కింద నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. ఆ పిల్లే చెయ్యందించింది.

మార్చి 7, బుధవారం.

వెళ్లాను. ఐదో నంబరు దగ్గరే కూర్చున్నాను. నిమ్మకాయ టీ. మరీ తీపి.

మార్చి 8, గురువారం.

వెళ్లాను.

ఆ పిల్ల ఇంటిపేరు తాన్. ఇరవై ఆరేళ్లు. ఏదో కొండ పల్లెటూరి నుంచి వచ్చి, తోడెవరూ లేకుండా ఈ కొట్టు పెట్టుకుంది. "ఈ బల్ల అంటే అంతిష్టమా తాతా? లోపల మెత్తటి కుర్చీలున్నాయి" అంది. చెక్క ఎక్కడిదని అడిగితే పాత కలప అమ్మేవాడి దగ్గర కొన్నానంది. మిగతావి ఏవో ఊళ్లలో హోటళ్లకి పోయాయట, ఇదొక్కటే దొరికిందట. మచ్చ ఉందని చూసి ముచ్చటపడి కొందట.

వీధి ఖాళీ చేసి చెక్కలు ఇచ్చేసినప్పుడు ఆఫీసువాళ్లు ఏమన్నారో నాకు బాగా గుర్తు. ఏ ఇంటివి ఆ ఇంటికే తిరిగి వస్తాయి, నంబరు కూడా మారదు అన్నారు.

మార్చి 10, శనివారం. వాన.

వెళ్లలేదు. వానలో బయటి బల్లలు లోపల పెట్టిందో లేదో.

మా ఇంట్లో ఎవరు పోయినా ఐదూ ఆరూ నంబర్ల చెక్కలు తీసేవాళ్లం. నడిమధ్యవి. రెండింటినీ జతచేసి స్టూళ్ల మీద వేసి, పోయినవాళ్లని కొట్లోనే, వీధికేసి కాళ్లు పెట్టి పడుకోబెట్టేవాళ్లం. మిగతా ఏడు చెక్కలూ వాటి చోట్లో ఉంటాయి. ఎవరికీ కబురు పెట్టనక్కర్లేదు. పొద్దున్నే నీళ్లకి పోయేవాళ్లు షెన్ వాళ్ల కొట్టు మధ్యలో ఖాళీ చూసి, బిందె కింద పెట్టి లోపలికి వచ్చేవాళ్లు. మూడోనాడు సాగనంపి, చెక్కలు వేణ్ణీళ్లతో కడిగి మళ్లీ వరసలో పెట్టి కొట్టు తెరిచేవాళ్లం. తాత, నానమ్మ, నాన్న, అమ్మ అందరూ ఆ రెండింటి మీదనుంచే వెళ్లారు.

అమ్మ పోయినప్పుడు చెక్కలు కడుగుతూ యున్‌జూ అంది, "నాకు ఈ రెండూ చాలు. నీకు మాత్రం మూడు కావాలి, ఆ పొట్టకి." అత్తగారు పోయి మూడు రోజులు దాటలేదు, ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. కోడలూ కొడుకూ నవ్వుతుంటే చూసి పేంగ్ వాళ్లమ్మ వీధంతా చెప్పింది.

నాకేం పొట్ట లేదిప్పుడు.

మార్చి 12, సోమవారం.

పేంగ్‌కి చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

"ఇందులో ఆలోచించేదేముందిరా" అన్నాడు. "దీనిమీద పీనుగుల్ని పడుకోబెట్టాం అని ఒక్క మాటను. ఆ పిల్ల దణ్ణం పెట్టి మరీ ఇంటికి తెచ్చిస్తుంది."

"ఆ మాట బయటికి పొక్కితే ఆ పిల్ల కొట్లో ఎవడు తాగుతాడు టీ?"

"తాగకపోతే నీకేం? నీ చుట్టమా?"

"నిన్న నా కోసం టీలో చక్కెర తగ్గించింది."

పేంగ్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "అయినా ఆ చెక్క తెచ్చుకుని ఏం చేస్తావ్? ఆరో అంతస్తులో కొట్టు తెరుస్తావా?"

యున్‌జూకి ఇవ్వాలి అన్నాను. పేంగ్ టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. ఫొటో కోసం ఎవరో వస్తే నవ్వుముఖం పెట్టాడు.

నేను యున్‌జూకి చేయాల్సినవన్నీ చేశాను. పద్ధతి ప్రకారమే చేశాను. ఈ చెక్క సంగతి వేరు.

మార్చి 15, గురువారం.

వెళ్లాను. ఎవరో మొగుడూపెళ్లాం ఐదో నంబరు దగ్గర కూర్చుని సెల్ఫీ దిగుతున్నారు. వాళ్లు లేచేదాకా నిలబడ్డాను. గంట పైనే పట్టింది. వాళ్ల కప్పు పెట్టిన చోట తడి గుండ్రంగా మిగిలింది. చేతిగుడ్డతో తుడిచాను.

మార్చి 18, ఆదివారం.

హుయ్‌లిన్ నా బస్సు కార్డు చూసింది. పదిహేను రోజుల్లో ఎన్నిసార్లు పద్నాలుగో నంబరు ఎక్కానో దాని ఫోన్లో కనబడుతుందట. ఏం కాలం వచ్చిందో.

"చూశానని చెబితే నేనేమైనా అంటానా నాన్నా?"

"అనవు."

"మరి?"

గుడ్లు ఉడికాయేమో చూడమన్నాను.

పోయినవాళ్లని తలుచుకునే చింగ్‌మింగ్ రోజున వాళ్లమ్మకి పంపడానికి కాగితం బట్టలు తెచ్చింది. నీలం కోటు, పైజామా, కాగితం చెప్పులు, కాగితం ఫోను. ఇక్కడ కాల్చింది అక్కడ చేరుతుంది, మాకందరికీ అదే నమ్మకం. బతికుండగా ఫోన్ ఎత్తడమే రాదు మీ అమ్మకి, ఇదెందుకే అంటే, "నేర్చుకోవడానికి ఇప్పుడు బోలెడంత టైముంది" అంది. అచ్చం వాళ్లమ్మ మాట.

కాగితంది పంపితే కాగితంది చేరుతుంది. చెక్క పంపితే చెక్క చేరాలి కదా.

మార్చి 21, బుధవారం. రాత్రీ పగలూ సమానమైన రోజు.

చెప్పేశాను.

మధ్యాహ్నం జల్లు పడి బయట ఎవరూ లేరు. తాన్ పిల్ల బల్లలు తుడుస్తోంది. "అమ్మాయ్, ఈ బల్ల నాకిస్తావా?" అన్నాను.

"బల్లెందుకు తాతా? రోజూ వస్తున్నారుగా, మీదే అనుకోండి."

"ఇది మా కొట్టు తలుపు చెక్కమ్మా. నా భార్య పోయినప్పుడు దీనిమీదే పడుకోబెట్టాం."

గుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇరవై రోజుల్నుంచి దీనిమీద టీలు పెడుతున్నానే" అంది మెల్లగా. "ముందే చెప్పకూడదా తాతా?"

లోపలికి వెళ్లి గిన్నెతో వేణ్ణీళ్లు తెచ్చింది. చక్కెర మరకలన్నీ గోటితో గీకి, చెక్కని ఈ చివర నుంచి ఆ చివరకి కడిగింది. కడుగుతూ చెప్పింది. "మా ఊళ్లో మా అమ్మమ్మ పోతే వీధి తలుపు ఊడదీసి దానిమీద పడుకోబెట్టారు. మూడ్రోజులు ఇంటికి తలుపే లేదు. నాకప్పుడు ఏడేళ్లు. కుక్కలు రాకుండా చూడవే అని కర్రిచ్చి నన్ను గుమ్మంలో కూర్చోబెట్టారు. ఒక్క కుక్క కూడా రాలేదు, కానీ నేను కళ్లు మూయలేదు."

చెక్కని పొడిగుడ్డతో తుడిచి, ఎదురుగా నిలబడి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టింది. "నానమ్మా, తెలియక చేశాం. ఏమనుకోకండి" అంది.

ఆ చెక్క కిందికే మళ్లీ దూరిపోదామనిపించింది నాకు.

"ఎవరికీ చెప్పకండి తాతా. చెప్తే ఇక్కడ ఎవ్వరూ టీ తాగరు" అంది చివరికి. ఎవరికీ చెప్పనన్నాను. రేపు పొద్దున జనం రాకముందే తీసుకుపొమ్మంది.

మార్చి 22, గురువారం.

జనం రాకముందే అనుకున్నాం గాని ఇనప కాళ్లకి బిగించిన మరలు ఊడదీసేసరికి తొమ్మిది దాటింది. పేంగ్ డ్యూటీ అంగీలోనే వచ్చాడు. బస్సు డ్రైవరు చెక్కని చూడగానే తలుపు మూసేశాడు. పదకొండు స్టాపులు. నడిచే తెచ్చాం.

వీధి దాటేదాకానే కష్టమైంది. ముందు నేను, వెనక పొడుగు అంగీలో పేంగ్, భుజాల మీద చెక్క. జనం రెండువైపులా చీలి ఫోన్లు ఎత్తారు. జెండా పట్టుకున్న గైడు తన గుంపుని ఆపి మావైపు చూపించింది. "ఇది ఏ ప్రోగ్రామండీ? ఎన్నింటికి మళ్లీ ఉంటుంది?" అని ఎవరో అడిగారు.

"పాతకాలపు చెక్కమోత. రోజుకొక్క ఆటే" అన్నాడు పేంగ్.

వాళ్లు చప్పట్లు కొట్టారు. యున్‌జూని ఆ వీధిలోంచి సాగనంపి ఉంటే ఇలాగే ఇద్దరు ముందు, ఇద్దరు వెనక ఉండి మోసేవాళ్లం, చప్పట్లు మాత్రం ఉండేవి కావు. నేను ముందున్నాను, పేంగ్‌కి నా ముఖం కనబడదు. అందుకని ఏడ్చాను. నాలుగో స్టాపు దగ్గర, "దింపుదామా కాసేపు?" అన్నాడు. వద్దన్నాను. "నీ కోసం కాదురా, నా నడుం కోసం" అన్నాడు. దింపాం.

లిఫ్టులో ఏటవాలుగా పెడితే పట్టింది.

మార్చి 23, శుక్రవారం.

చెక్క రెండు కుర్చీల మీద ఉంది. పక్కనుంచి నడిచేటప్పుడు ఒత్తిగిల్లి పోవాలి.

మార్చి 24, శనివారం.

ఏం రాయలేను.

మార్చి 25, ఆదివారం.

హుయ్‌లిన్‌ని ఇవాళ రావద్దన్నాను. జలుబు చేసిందన్నాను. జలుబు లేదు.

యున్‌జూని ఈ చెక్క మీద పడుకోబెట్టలేదు.

రాసేశాను. తాన్ పిల్లకి అబద్ధం చెప్పాను. ఆ పిల్ల దణ్ణం మా అమ్మకి చెందిందిలే, మా అమ్మ దీనిమీదే పడుకుంది కదా అని నాలుగు రోజులు సర్దిచెప్పుకున్నాను.

2015 ఆకురాలు కాలంలో డాక్టరు చెప్పాడు, యున్‌జూ మళ్లీ వసంతం చూడదని. ఆమె ఎదురుగానే చెప్పాడు. ఆ వారంలోనే వీధి ఖాళీ చేయించే ఆఫీసువాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. ముందు సంతకం పెట్టినవాళ్లకి ముందు ఇళ్లు. యున్‌జూ ఒక్కటే అడిగింది. "ఈ చలికాలం ఒక్కటీ ఆగు. నేను వెళ్లాక పెట్టు సంతకం. ఐదూ ఆరూ తీసి నన్ను కొట్లో పడుకోబెట్టి, ఆ తర్వాత నీ ఇష్టం." సరేనన్నాను.

మూడో రోజున వెళ్లి వేలిముద్ర వేశాను. ఆమె కోసమే అన్నాను. కొత్తింట్లో వెచ్చగా ఉంటుంది, లోపలే స్నానాలగది ఉంటుంది, లిఫ్టు ఉంటుంది అని అందరికీ చెప్పాను. అవన్నీ నిజమే, ఉన్నాయి. కానీ నేను విసిగిపోయాను. చలిలో ఆమె మలం కుండ పట్టుకుని వీధి చివరికి పోవడానికి విసిగిపోయాను. తొమ్మిది చెక్కలు ఎత్తడానికి విసిగిపోయాను. నాకు వెచ్చగా పడుకోవాలనిపించింది. నా కోసమే పెట్టాను సంతకం.

 చెక్కలు ఆఫీసుకి ఇచ్చే రోజున యున్‌జూ కుర్చీలో కూర్చుని, కొట్లో మిగిలిన నీలం నాడాతో మూడేసి చొప్పున తనే కట్టలు కట్టింది. వరస తప్పకుండా ఉండాలని కుడివైపు ముడి వేసింది. తొంభై రోజులు కూడా ఉండలేదు కొత్తింట్లో. జనవరిలో ఆసుపత్రిలో చేర్చాం.

ఆఖరిరోజున కళ్లు తెరిచి అడిగింది. "చెక్కలు దించావా?"

"దించాను."

"ఐదూ ఆరేనా?"

"ఐదూ ఆరే."

"స్టూళ్లు ఎత్తుపల్లాలు లేకుండా చూడు. పడిపోతాను."

"చూశాను."

"సరే అయితే" అంది. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు.

చక్రాల ఇనపమంచం మీద తీసుకెళ్లారు. అటునుంచి అటే దహనశాలకి. పొద్దున్నే ఖాళీ చూసి లోపలికి వచ్చేవాళ్లెవరూ లేరు. పేంగ్‌కే నాలుగు రోజులకి తెలిసింది.

మార్చి 28, బుధవారం.

తాన్ పిల్ల దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. కప్పులు కడుగుతూ అంతా విన్నది. "అయితే ఆవిడకి ఇంకా ఇవ్వలేదన్నమాట. ఇచ్చెయ్యండి మరి" అంది. బల్ల ఉన్నచోట పూలకుండీ పెట్టింది.

ఏప్రిల్ 1, ఆదివారం.

హుయ్‌లిన్ చెక్కని చూసింది. అడుగున ఎర్ర నంబరు తడిమి చూసింది.  వంట చేసి వెళ్లిపోయింది. గిన్నెలు రెండుసార్లు కడిగింది.

ఏప్రిల్ 5, గురువారం. చింగ్‌మింగ్.

కాగితంలో ఉంది: చేయదగినవి, సమాధులు శుభ్రం చేయడం. మిగతా పనులేవీ వద్దు.

పొద్దున శ్మశానానికి వెళ్లి రాయి కడిగి పూలు పెట్టి వచ్చాం. అక్కడ నిప్పు రాజేయనివ్వరు. అందుకని వరదగోడ అవతల నది ఒడ్డుకి పోయాం, నేను, హుయ్‌లిన్, పేంగ్. పేంగ్ ఇవాళ మామూలు చొక్కాలో వచ్చాడు. అతన్ని అలా చూడడమే వింతగా ఉంది. నూనె పీపా ఒకటి తెచ్చాడు, అందులో కాల్చవచ్చని. చెక్క అందులో పట్టలేదు.

"రంపం తెస్తా, మూడు ముక్కలు చేద్దాం" అన్నాడు.

"ముక్కలు చేయొద్దు" అన్నాను.

రెండు పెద్ద రాళ్లు దొర్లించి, స్టూళ్ల మీద వేసినట్టు వేశాను. ఎత్తుపల్లాలు లేకుండా కింద చిన్న రాళ్లు దోపాను. చేత్తో ఊపి చూశాను. కదల్లేదు.

హుయ్‌లిన్ సంచిలోంచి కాగితం బట్టలు తీసింది. గాలికి ఎగిరిపోకుండా వాటిని చెక్క మీద పరిచి రాళ్లు పెట్టింది. కోటు, దానికింద పైజామా, చివర చెప్పులు, చేతి దగ్గర ఫోను. చెప్పులు నదివైపు ఉన్నాయి.

అప్పుడంది. "ఆసుపత్రిలో నేను నారింజ ఒలుస్తూ పక్కనే ఉన్నాను నాన్నా. విన్నాను."

"తెలుసు."

"అమ్మకి కూడా తెలుసు. చెక్కలకి నాడా కట్టింది తనేగా. ఎలా మర్చిపోద్ది?"

ఈ మాట రెండేళ్లలో నాకెన్నడూ తట్టలేదు. తట్టనివ్వలేదేమో. తెలిసే అడిగిందా, మరిచిపోయి అడిగిందా? మరిచిపోయి అడిగితే నేను ఆమెని మోసం చేశాను. తెలిసి అడిగితే నా చేత అవుననిపించి వెళ్లింది. ఏది నయమో నాకు తెలియడం లేదు.

"ఒరేయ్, ఇది ఒక్కటేగా" అన్నాడు పేంగ్, చెక్క కేసి చూస్తూ. "రెండుండాలి కదా మనిషికి. ఆరోది లేకుండా ఎలా?"

 అగ్గిపుల్ల గీశాను. ముందు కాగితం అంటుకుంది. పాత కలప, యాభై ఏళ్ల చేతి నూనె పట్టి ఉంది, ఎక్కువ పొగ లేకుండా మండింది. ఇస్త్రీ మచ్చ చాలాసేపు కనబడింది. గోళ్లరంగు అడుగున ఉంది కాబట్టి అదెప్పుడు కాలిందో చూడలేదు. ఇంటికి వచ్చాక ఒళ్లంతా పొగ వాసన. స్నానం చేయలేదు.

పేంగ్‌కి చెప్పని జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆసుపత్రిలో ఆఖరి వారం నర్సు దుప్పటి మార్చేటప్పుడు యున్‌జూని రోజూ నేనే ఎత్తి పట్టుకునేవాణ్ని. ఆ తొమ్మిది చెక్కల్లో ప్రతిదాని బరువూ నా భుజానికి తెలుసు. దేనికన్నా కూడా ఆమె తేలిగ్గా ఉంది. ఒక్కటి సరిపోయింది.